చనిపోయినవాళ్లు అడిగిన రోడ్డు

పోయిన వారం చదవనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఎర్రకుంటపేట మున్సిపల్ ఆఫీసు ఎదుట తన జిరాక్స్ షాపులో కృపారాణి ఒక జాబితా పట్టుకుని నిలబడి ఉండగా ఆపాం. కొత్త మాస్టర్ ప్లాన్ మీద ప్రజలే ఇచ్చారని చెబుతున్న నలభై ఏడో సూచన అది. వంద అడుగుల రోడ్డును శ్రీకాంత్ పటేల్ వెంచర్ మీదినుంచి తప్పించి, పక్కనున్న క్రైస్తవుల సమాధుల తోట మీదుగా వేయాలని వాడవాళ్లు నూట పద్దెనిమిది మంది వేలిముద్రలు వేసి అడిగారట. టైపు చేసిన ఆ పేర్లలో అరవైమూడోది జానమ్మది. జానమ్మ కృపారాణి తల్లి. చనిపోయి పన్నెండేళ్లయింది. ఆమెను పెట్టింది ఆ తోటలోనే.

పన్నెండేళ్ల కింద మొదటి ప్లాన్ వచ్చినప్పుడు వాడలో ఎవరికీ ఏమీ తెలియదు. నోటీసు బోర్డు అద్దం వెనక రెండు నెలలు నక్ష వేలాడింది. చూడబోయినవాళ్లను అటెండరు ఏం పని అని తరిమాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదని పైకి రాసి పంపారు. ముప్పై ఒక్క ఇళ్లు పోయాయి. తిన్నగా వచ్చిన గీత శ్రీకాంత్ పటేల్ ఫంక్షన్ హాలు దగ్గరికి రాగానే కొంగ మెడలా వంగి పక్కకు పోయింది. ఇళ్లు పోయినవాళ్లకు ఊరి చివర రేకుల షెడ్లు చూపించారు. ఆ మే నెలలో ఆ రేకుల కిందే జానమ్మకు వడదెబ్బ తగిలింది. సూర్యాపేట ఆసుపత్రి చేరకముందే ఆటోలో ప్రాణం పోయింది.

కృపారాణి తల్లి శవం మీద ఒట్టు పెట్టుకోలేదు. డిగ్రీ మానేసి మున్సిపల్ ఆఫీసు ఎదుట జిరాక్స్ మిషన్ పెట్టుకుంది. అప్పటినుంచి ఆ బోర్డు మీద పడిన ప్రతి కాగితమూ చదివింది. ఆ గీతను వంచిన వేలు ఎవరిదో ఆమెకు తెలుసు. ఆ వేలిని నలుగురిలో విరిచేదాకా ఆమెకు ఇంకో పని లేదు.

ఇప్పుడు చేతికి దొరికింది.

ఆ జాబితా ఎక్కడిదో మొదటి పేజీలోనే పోల్చుకుంది. వాడ చర్చిలో ఏటా కోత పండుగ చేస్తారు. కొత్త వడ్లో, పత్తో, కోడిపుంజో తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెడతారు. సొంత పేరున ఇచ్చేవాళ్లు తక్కువ. పోయినవాళ్ల జ్ఞాపకార్థం ఇస్తారు. చర్చి పెద్ద ఆ పేరును పుస్తకంలో రాసుకుని అందరికీ వినబడేలా చదువుతాడు. బయటివాడికి ఆ పుస్తకం దొరికితే చర్చికి వచ్చేవాళ్ల పట్టీ అనే అనుకుంటాడు. అందులో ఉన్నవాళ్లంతా మట్టి కింద ఉన్నారని వాడవాళ్లకు తప్ప ఎవరికి తెలుసు?

పటేల్ మనిషి ఎవడో పండుగ గడబిడలో ఆ పుస్తకం చూసి పేర్లు రాసుకుపోయాడు. దొంగ వేలిముద్రలు గుద్దాడు. కృపారాణి అలా తేల్చుకుంది. ఇంకా వెతకాలని ఆమెకు అనిపించలేదు. కావలసిన జవాబు అదే కదా.

బుధవారం పదకొండు గంటలకు విచారణ. జాబితాలో ఉన్న ప్రతి ఇంటినుంచి ఒక మనిషిని తెచ్చి హాల్లో కూర్చోబెట్టింది. "పేరు పిలిస్తే లేచి ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. తిట్టొద్దు, కొట్టొద్దు. తిట్టేది నేను తిడత," అంది. ఆమె తండ్రి కోటయ్య చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఒకప్పుడు బండలు కొట్టినవాడు, ఇప్పుడు చర్చి పెద్ద.

ముందు వరుసలో శ్రీకాంత్ పటేల్. మిర్యాలగూడలో రైస్ మిల్లు, ఇక్కడ వెంచర్, తెల్ల చొక్కా, చేతిలో ఫోను. కొద్ది దూరంలో బందోబస్తుకు వచ్చిన ఎస్సై. బల్ల వెనక ప్లానింగ్ అధికారిణి. ఆమెది కోదాడ వైపు. పొద్దుటినుంచి నలభై ఆరు అర్జీలు విని గొంతు పోగొట్టుకుంది.

"నలభై ఏడు," అంది అధికారిణి. "నూట పద్దెనిమిది మంది ఇచ్చారు. అందరిదీ ఒకటే మాట కాబట్టి ఒకరెవరైనా మాట్లాడండి, రాసుకుంటాను."

కృపారాణి లేచింది. "ఒకలు కాదు మేడం. అందర్ని పిలువుండ్రి."

"అంతమందినా? టైమెక్కడిదండీ?"

"సూచన ఇచ్చినోళ్లు ప్రతి ఒక్కరు చెప్పుకోవచ్చని నోటీసుల మీరే రాసిండ్రు. మా వాడోళ్లు గింతమంది రోడ్డు అడిగిండ్రంటే నాకు సుత ఇనాలనున్నది."

శ్రీకాంత్ పటేల్ నవ్వాడు. "పిలువుండ్రి మేడం. జనం మాట జనం నోట ఇంటేనే మంచిగుంటది."

అధికారిణి కళ్లజోడు సర్దుకుంది. "ఒకటి. పౌలు, తండ్రి సైమన్."

మూడో వరుసలో ఒక ముసలామె లేచింది. "మా ఆయన. రాడమ్మా."

"పనికెళ్లారా?"

"లే. మిల్లుల బస్తాలు మీద పడి సచ్చిపోయిండు. తొమ్మిదేండ్లాయె."

అధికారిణి పెన్ను ఆగింది. కాగితం మీద పేరు మళ్లీ చూసుకుంది. "రెండు. యేసయ్య, తండ్రి లాజరు."

ఆటో నడిపే లచ్చయ్య లేచాడు. ఊళ్లో ఏ పంచాయితీ అయినా అతను నోరు పెట్టకుండా తెగదు. "మా మేనమామ మేడం. బతికున్నప్పుడే పొద్దెక్కినంక గాని లేసెటోడు కాదు. ఇప్పుడు మీరు పిలిస్తె లేస్తడా?"

హాలంతా నవ్వింది. ఎస్సై కూడా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మూడు. ప్రమీల, తండ్రి గాబ్రియేలు."

నవ్వు ఇంకా ఆగకముందే ఒకాయన లేచాడు. చేతిలో తువ్వాలును మెలిపెడుతున్నాడు. "నా బిడ్డ. తొలి కాన్పుల పోయింది. బిడ్డను సుత పక్కన్నే పెట్టినం. దాని పేరు మీ కాయితంల లేదు, ఎందుకంటె దానికి పేరు పెట్టలే."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నాలుగు, ఐదు, ఆరు. ఒక్కొక్క పేరు, ఒక్కొక్క మనిషి లేవడం. పాము కుట్టింది. పక్షవాతం. కరోనాల పోయిండు, మొకం సుత సూపియ్యలే. అధికారిణి గొంతు తగ్గుతూ వచ్చింది. ఇరవై దాటాక ఆమె తల ఎత్తలేదు. శ్రీకాంత్ పటేల్ ఫోను ఒళ్లో బోర్లా పడి ఉంది. అతను వెనక్కి తిరిగి వరుసలన్నీ వెతికాడు. చివరి వరుస దగ్గర అతని చూపు కాసేపు నిలిచింది. తర్వాత ముందుకు తిరిగి కాలు మీద కాలు వేసుకున్నాడు. అది కృపారాణి చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"అరవైమూడు. జానమ్మ, భర్త కోటయ్య."

కృపారాణి అధికారిణి వైపు కాదు, పటేల్ వైపు నడిచింది. రెండడుగుల దూరంలో ఆగింది.

"మా అమ్మ రోడ్డు అడిగిందట పటేలా. తన బొంద మీదికెల్లి. నీకు ఎప్పుడు జెప్పింది? పన్నెండేండ్ల సంది మేం పిలుస్తున్నం, మాకైతె ఒక్క మాట జెప్పలే. నీతోని మాట్లాడిందా? ఏమన్నది? రేకుల కింద ఉడుకుతున్నదని జెప్పిందా? ఆటోల నీళ్లు అడిగితె సీసల సుక్క లేదని జెప్పిందా?"

"నాకేం దెలుసమ్మా," అన్నాడు పటేల్. "ఎవడో ఇచ్చిండు, ఆఫీసోళ్లు తీసుకున్నరు. గా కాయితం మీద నా పేరున్నదా?"

"నీ పేరెందుకుంటది? ఇండ్లు కూలగొట్టిననాడు సుత లేదు. జేసీబీ మీద ఉన్నదా? రేకుల మీద ఉన్నదా? నీ పేరు యాడా ఉండదు. లాభం ఉన్నకాడ మాత్రం నువ్వుంటవు."

వాడవాళ్లు బల్లలు చరిచారు. అధికారిణి నిలబడింది. "చాలండి. మిగతా పేర్లు పిలవక్కర్లేదు. చనిపోయినవాళ్ల పేరుతో ఇచ్చిన ఈ సూచనను తోసిపుచ్చుతున్నాను. సమాధుల తోట జోలికి ఎవరూ రారు. రోడ్డు డ్రాఫ్టులో ఉన్నచోటే ఉంటుంది."

డ్రాఫ్టులో ఉన్నచోటు అంటే పటేల్ వెంచర్. నడిమధ్యనుంచి వంద అడుగులు. ముసలామె ఒకతె కూర్చున్నచోటే పెద్దగా ప్రార్థన మొదలుపెట్టింది. లచ్చయ్య ఈల వేశాడు.

గెలుపు అంటే అది. అక్కడ చాలించి ఇంటికి పోయి ఉంటే ఈ భాగం ఇక్కడే అయిపోయేది. కాని కృపారాణికి తోట ఒక్కటే సరిపోలేదు. మనిషి కావాలి. ముందే రాసి తెచ్చుకున్న ఫిర్యాదును సంచిలోంచి తీసి ఎస్సై ముందు పెట్టింది.

"దొంగ నిశానీలు ఏసినోని మీద, ఏయించినోని మీద కేసు గావాలె. ఇప్పుడే, గీడనే."

ఎస్సై చదివాడు. "ఏయించినోడు ఎవరమ్మా?"

"గీ ముందు కూసున్నడు గద."

శ్రీకాంత్ పటేల్ నెమ్మదిగా లేచాడు. కోపం లేదు. పెళ్లికి వచ్చిన చుట్టంలా ఉన్నాడు. "ఎస్సైగారూ, తప్పు జరిగింది. నేను సుత అంటున్న, కేసు కావాలె. సచ్చినోళ్ల పేర్లు వాడుకున్నోడు మనిషే కాదు. కాని సాక్ష్యం లేంది నా మీద ఎట్ల రాస్తరు? కోర్టుల నిలుస్తదా? ముందుగాల ఏసినోడు అని రాయించుండ్రి. వాడు దొరకనీ. ఏయించినోడు ఎవడో వాడే జెప్తడు."

"గది న్యాయమే," అన్నాడు ఎస్సై. "ఏయించినోడు అన్న ముక్క కొట్టెయ్యమ్మా. లేకుంటె కేసే నిలువదు."

కృపారాణి లెక్క వేసుకుంది. ఏసినవాడు పటేల్ మనిషే కదా. రెండు తగిలిస్తే చెప్పడా? పెన్ను తీసి ఆ ముక్క మీద అడ్డంగా గీత కొట్టింది. గీత పక్కన సంతకం పెట్టింది. కింద ఇంకో సంతకం పెట్టింది.

"రేపు రాజీ గీజీ అనవు గదా రాణమ్మా?" అన్నాడు పటేల్.

"నీతోని నాకు రాజీ ఏంది?"

"నాతోని కాదు. ఆ ఏసినోనితోని."

"వానితోని అసలే లేదు. వాడు జైల్ల పండాలె."

"మంచిది." పటేల్ అధికారిణి వైపు తిరిగాడు. "మేడం, అసలు కాయితాలు తియ్యుండ్రి. టైపు జేసింది కాదు, నిశానీలున్నయి. ఎస్సైగారు సూడాలె."

గుమాస్తా బీరువాలోనుంచి ఫైలు తెచ్చాడు. ఏడు పేజీలు. పేరు పక్కన పేరు, ప్రతి పేరు ఎదుట నీలం సిరా వేలిముద్ర. ఎస్సై వాటిని బల్ల మీద పరిచాడు. కృపారాణి అతని భుజం మీదుగా వంగి చూసింది.

మొదటి వేలిముద్రకు అడ్డంగా ఒక తెల్లటి చీలిక. రెండోదానికీ అదే. మూడోదానికీ. నూట పద్దెనిమిదింటికీ బొటనవేలి నడుమ ఏటవాలుగా అదే చీలిక.

ఆ వేలు ఆమెకు తెలుసు. రేషన్ షాపులో మిషన్ ఆ వేలిని ఎప్పుడూ ఒప్పుకోదు. నాలుగుసార్లు తుడిచి పెట్టినా ఎర్ర లైటే వెలుగుతుంది. డీలర్ విసుక్కుంటాడు. అందుకని ప్రతి నెలా ఆమె షాపు మూసి వెంట వెళ్లి తన వేలు పెట్టి బియ్యం తెస్తుంది. కుర్రతనంలో బండ కొడుతుంటే సమ్మెట జారి చీలిన వేలు అది.

"అన్నీ ఒకే మనిషివి," అన్నాడు ఎస్సై. "ఎవడు వీడు?"

కృపారాణి వెనక్కి తిరిగి చివరి వరుస వైపు చూసింది.

"నాయి సార్," అన్న గొంతు వెనకనుంచి వినిపించింది.

కోటయ్య గోడ పట్టుకుని లేచాడు. వరుసల నడుమనుంచి మెల్లగా నడిచి వచ్చాడు. కుడిచేతి బొటనవేలు చాపి ఎస్సైకి చూపించాడు.

"అన్నీ నువ్వే ఏసినవా?"

"అన్నీ నేనే. రెండు దినాలు వట్టింది."

"ఎందుకేసినవ్? ఎవరన్న ఏయమన్నరా?"

"పటేల్ మా ఇంటికొచ్చి కాయితాలు పెట్టి పోయిండు. వాడకు పెద్దవు, మందితోని నిశానీలు ఏయించుకరా అన్నడు. నేనొద్దంటె ఇంకోనికి ఇస్తడు. బతికినోళ్లు ఏస్తె రోడ్డు వడ్తది సార్. గందుకని సచ్చినోళ్లతోని ఏయించిన. పుస్తకం ముంగట వెట్టుకోని ఒక్కొక్క పేరు రాసుకుంట, ఒక్కొక్కలను అడుక్కుంట ఏసిన. పటేల్‌కు ఏం దెలుసు మా పుస్తకం సంగతి? పేర్లు లెక్కవెట్టుకోని, సంబురంగ తీస్కపోయిండు."

వాడవాళ్లలో ఎవరో ఒకామె గట్టిగా వెక్కింది. శ్రీకాంత్ పటేల్ కదలలేదు. "నేను కోటయ్య ఇంటికి పోయిన్నా?" అన్నాడు హాలును చూస్తూ. "సూసినోళ్లు లేసి జెప్పుండ్రి."

ఎవరూ లేవలేదు.

"నాకెందుకు జెప్పలే నాయినా?" అంది కృపారాణి.

"జెప్తె నువ్వు ఆగుతవా బిడ్డా? ఆ పూటనే బోర్డుకాడ లొల్లి వెడ్తవు. పటేల్ కాయితం మారుస్తడు. గీడిదాక రావాలె అనుకున్న. మీ అమ్మ ఇల్లు పోయిననాడు ఆమె పేరు ఒక్కడు పిలువలే. ఉన్నవా పోయినవా అని అడుగలే. గీ హాల్ల, గీ కుర్సీల కూసున్నోళ్లు, వాళ్ల నోటితోని జానమ్మా అని పిలువాలె అనుకున్న. పిలిచిండ్రు." అతని కళ్లు తడిగా లేవు. రాయిలా మెరుస్తున్నాయి. కూతురికి ఆ పగ ఎక్కడినుంచి వచ్చిందో ఆ పూట హాల్లో అందరికీ తెలిసింది.

కృపారాణి బల్ల మీదున్న ఫిర్యాదు కోసం చెయ్యి చాపింది. ఎస్సై దాన్ని అప్పటికే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇయ్యి సార్ అది. ఏయించినోని పేరు రాయాలె."

"సంతకం జేసినవు గదమ్మా. ఆ ముక్క నువ్వే కొట్టేసినవు, పక్కన సంతకం సుత పెట్టినవు. ఇంతమందిల సింపేయలేను. ఏసినోడు ఒప్పుకున్నడు. స్టేషన్‌కు రావాలె."

"నువ్వు జెప్పినట్టె కొట్టేసిన!"

శ్రీకాంత్ పటేల్ ఆమె పక్కకు వచ్చి, ఆమెకు మాత్రమే వినిపించేలా అన్నాడు. "నా వెంచర్ పోయింది. పోనీ. నీ కేసు మాత్రం మంచిగ నడువాలె, వకీలు గావాలంటె నన్నడుగు."

ఆమె చెయ్యి లేచింది. ఇద్దరు ఆడవాళ్లు నడుం పట్టుకుని ఆపకపోతే ఆ చెయ్యి ఎక్కడ పడేదో పటేల్‌కూ తెలుసు. అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

కోటయ్య గుమ్మం దగ్గర ఆగాడు. ఎస్సై చెయ్యి భుజం మీద ఉంది. "జర ఒక్క నిమిషం సార్," అని కూతురి వైపు తిరిగాడు. "నా ఎంట రాకు బిడ్డా. పోయి కూసో. ఇంకోటున్నది."

"ఇంకోటేంది?"

"పటేల్ ఆనాడు రెండు తీర్ల కాయితాలు వట్టుకొచ్చిండు. ఒకటి నేను తీస్కున్న. రెండోది నాతోని కాదన్న. ఇంకొకలు తీస్కున్నరు." ముసలాయన చీలిన బొటనవేలిని పిడికిట్లో మూశాడు. "సచ్చినోళ్ల జాగ కాపాడిన. బతికినోళ్లది నా శాతకాలే."

జీపు కదిలిన చప్పుడు వినిపించింది. కృపారాణి గుమ్మానికీ బల్లకూ మధ్య నిలబడిపోయింది. ఆ జాబితా కోసం సమాచార హక్కు కింద ఆమె దరఖాస్తు పెట్టింది సమాధుల తోట సర్వే నంబరుకు ఒక్కదానికే. అడిగినంతే ఇచ్చారు. మిగతా ఫైళ్లు ఆమె అడగలేదు.

అధికారిణి నీళ్లు తాగి తర్వాతి ఫైలు విప్పింది. "నలభై ఎనిమిది. ఊరి చివర రేకుల షెడ్ల వాడను ఖాళీ చేయించి కమర్షియల్ జోన్‌లో కలపాలని సూచన. ఇచ్చినవాళ్లు డెబ్బై మూడు మంది." ఆమె తల ఎత్తి నీరసంగా చూసింది. "వీళ్లను కూడా పేరుపేరునా పిలవాలాండీ?"

"పిలువుండ్రి మేడం," అన్నాడు శ్రీకాంత్ పటేల్, కుర్చీలో వెనక్కి వాలుతూ. "ఆమెనే అన్నది గద, అందర్ని పిలువాలెనని."

ఆ షెడ్ల వాడ అంటే కూలిన ముప్పై ఒక్క ఇళ్లవాళ్లు మళ్లీ ఇటుక ఇటుకా పేర్చుకుని కట్టుకున్న వాడ. వాళ్లంతా ఆ హాల్లోనే ఉన్నారు. కృపారాణి ఒక్కొక్క ముఖం చూసింది. సగం ముఖాలు నేల చూస్తున్నాయి.

అధికారిణి చదివింది. "ఒకటి. లచ్చయ్య, తండ్రి ముత్తయ్య."

ఆమె ఇంకోసారి పిలిచింది. మూడో వరుసలో ఒక మనిషి లేచాడు. కృపారాణి వైపు చూడలేదు.

"ఉన్న మేడం," అన్నాడు లచ్చయ్య.